నిండుకున్న బానలు

చెంచమ్మ హోటల్లో "లేదు" అనే మాట చెల్లదు. అడిగినవాడు ఊరి మునసబైనా సరే, బండి తోలుకొచ్చినవాడైనా సరే, కూర అయిపోతే "నిండుకుంది" అనాలి. ఉప్పు అయిపోయినా నిండుకుందే, కిరసనాయిలు అయిపోయినా నిండుకుందే. తెలుగింట్లో పుట్టిన ఏ ఆడదైనా గింజల విషయంలో ఈ మాటే వాడుతుంది, అందులో వింతేమీ లేదు. కానీ చెంచమ్మ పట్టు వేరు. ఒకసారి మొగుడు హజరత్తయ్య నోరు జారి "చేప లేదన్నా" అన్నాడని గరిటె పట్టుకుని వీధిలోకొచ్చి, "కొట్లో నిలబడుకోని లేదంటావా? నీ నోట్లో మన్ను బడ!" అని పదిమంది ముందూ దులిపేసింది. ఆనాటి నుంచి హజరత్తయ్య బుద్ధిగా నిండుకుందనే అంటున్నాడు. ఆ బుద్ధే ఆయన కొంప ముంచింది. ఎలా ముంచిందో చెబుతాను గాని, ముందు ఆ హోటలు సంగతి వినండి.

విడవలూరు సెంటరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మొదట్లో ఒక తాటాకు పాక. లోపల బల్లలు, మూలన పొయ్యి, పొయ్యి పక్కన చెక్కమూతలు పెట్టిన రెండు పెద్ద బియ్యం బానలు. హోటలంటే అంతే. పొద్దున్నే సముద్రం ఒడ్డు నుంచి చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వస్తారు. అటునుంచి నాట్లకూ కోతలకూ పోయే కూలీలు వస్తారు. మధ్యాహ్నానికి అందరూ చెంచమ్మ దగ్గర తేలతారు. వేడి అన్నం, దాని మీద మామిడికాయ ముక్క వేసిన చేపల పులుసు. ఆ పులుసు తిన్నవాడు సాయంత్రం దాకా చెయ్యి వాసన చూసుకుంటూ తిరిగేవాడంటే, నేను కల్పించి చెప్పడం లేదు, నేనూ తిరిగాను.

హజరత్తయ్య అసలు పడవ మనిషి. కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని తల్లి ఆ పేరు పెట్టుకుంది. అన్నదమ్ములతో కలిసి పడవలో వాటా ఉండేది. అయితే కెరటం లేస్తే చాలు కక్కుకునే రకం ఆయన. పడవవాడికి అంతకన్నా అవమానం ఏముంటుంది! జువ్వలదిన్నె పిల్ల చెంచమ్మ కాపరానికొచ్చి, నాలుగు నెలలు ఆ యాతన చూసి, "ఎందుకయ్యా నీకీ సముద్రం" అని వాటా అమ్మించి ఈ పాక వేయించింది. వాటా అమ్ముకున్నవాడికి మళ్ళీ పడవలో చోటుండదు. ఇక ఆ ఇద్దరికీ ఉన్నదల్లా ఈ హోటలే.

పాక వాళ్ళదే గాని, కింద నేల పద్మనాభయ్యది. ఎదురుగా ఉన్న వడ్లమిల్లూ ఆయనదే. మాగాణి ఉంది, బియ్యం వ్యాపారం ఉంది, మాటకారితనం అంతకంటే ఉంది. నేల ఇచ్చేటప్పుడు కాగితం రాసుకోలేదు, అద్దె అడగలేదు. తన మిల్లు కూలీలకు రోజూ ఇంత పులుసు పొయ్యమన్నాడు. "నీ పొయ్యిలో పొగ లేచినన్నాళ్ళు నేల నీది చెంచమ్మా. పొగ లేవని రోజు నాది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కానీ పద్మనాభయ్య నవ్వుతూ అన్న మాటలే గుర్తుపెట్టుకుంటాడని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు.

అరవై అయిదులో వానలు ముఖం చాటేశాయి. దానికి తోడు యుద్ధం. పైర్లు సగానికి సగం ఎండిపోయాయి, పండిన దాంట్లో సర్కారు లెవీ సర్కారు తీసుకుంది, తక్కింది ఎక్కడ మాయమైందో మాయమైంది. చుట్టూ మాగాణి పెట్టుకుని బియ్యం దొరక్కపోవడమేమిటని మీరడగొచ్చు. అదే కదా కడుపుమంట! రేషను కొట్లో కార్డుకింత అని ఒకసారి అమెరికా గోధుమలు పోశారు, ఒకసారి ఎర్రజొన్నలు పోశారు. గోధుమలంటే జ్వరం తగ్గినవాడు రొట్టె చేసుకు తింటాడని మాత్రమే తెలిసిన జనం. వాటిని తిరగలిలో విసిరి, రవ్వ తీసి, సంగటి కెలుక్కున్నారు. ఆ ముద్ద ఒట్టిగా గొంతు దిగితే ఒట్టు. పోనీ, ఆ గింజలైనా ఇంటి కార్డుకు ఇస్తారు. హోటలుకు ఎవరిస్తారు?

హజరత్తయ్య సంచి పట్టుకుని మిల్లుకు పోయాడు.

"బియ్యం యాడుండాయి హజరత్తా?" అన్నాడు పద్మనాభయ్య, చేతులు రెండూ చూపిస్తూ. తర్వాత గొంతు తగ్గించి, "పొద్దు గూకినాక దొడ్డివైపు రా. ధర మాత్రం రెండింతలు. నీకు గాబట్టి చెప్తుండా" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే చెంచమ్మ చేపలు తోముతున్న చెయ్యి ఆపకుండానే అంది: "ఆ ధర పెట్టి కొంటే మన పళ్ళెం ధర యాడికి పోతుంది? ఎండలో గంప మోసుకొచ్చే ఆడదాన్ని బయట కూకోబెట్టి, లోపల కంట్రాక్టరుకు వడ్డించేదా? నా చేత గాదు."

"మరి బానలు ఖాళీ అయితే?"

"ఛీ, ఏం మాటయ్యా అది! నిండుకుంటే అను."

బానలు నిండుకున్నాయి. ముందు పెద్దది, తర్వాత చిన్నది. చెంచమ్మ చెక్కమూతలు మాత్రం తీయలేదు. రోజూ పొద్దున్నే తుడిచి, బొట్టు పెట్టి, అలాగే ఉంచింది. మిల్లు కూలీలకు పొయ్యాలి గనక చిన్న చట్టిలో పులుసు మాత్రం కాచేది, ఆ వంకన పొగ లేచేది. జనం వచ్చేవాళ్ళు, "అన్నం ఉందా అన్నా" అనేవాళ్ళు. హజరత్తయ్య "నిండుకుంది" అనేవాడు. వాళ్ళు ఇన్ని మంచినీళ్ళు తాగి, "ఆకలిగా లేదులే" అని పోయేవాళ్ళు. ఎవరికి ఆకలి లేదు? అందరి గంపల్లోనూ ఏదో ఒక మూట ఉండేది. కానీ హోటల్లో కూర్చుని ఇంటి మూట విప్పుకోవడమంటే ఎంత నామోషీ! మూట దాచుకుని పోయి, ఏ కాలవ గట్టునో ముఖం అటు తిప్పుకుని మింగేవాళ్ళు.

ఆకలితో పోయేవాళ్ళ వీపులు చూడ్డం హజరత్తయ్య వల్ల కాలేదు. "మూసేద్దామే. మర్యాదగా మనమే మూసేద్దాం" అన్నాడు ఒకరోజు.

"పొయ్యి ఆరితే నేల పోతుంది. నేల పోతే నువ్వు యాడికి పోతావు, సముద్రం మీదికా?" అంది చెంచమ్మ. ఆ మాట ఎన్నడూ ఎత్తని మనిషి. అన్నాక తనే నాలుక కరుచుకుని, ఆయన ముందు చెంబుతో నీళ్ళు పెట్టి లోపలికి పోయింది.

అదిగో, అటువంటి రోజుల్లో కోవూరు వైపు నుంచి ఒక జీపు వచ్చి ఆగింది. దొంగచాటుగా దాచిన బియ్యం పట్టుకునే కంట్రోలు చెకింగు ఆఫీసరు, కొత్తగా వచ్చినాయన. బళ్ళారి వైపు మనిషి. ఇంట్లో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు, తెలుగు మాత్రం వచ్చీ రానట్టు. మంచివాడే, పాపం. హోటలు ముందు నిలబడి, "ఏమయ్యా, బియ్యం ఉన్నాయా?" అని అడిగాడు.

హజరత్తయ్య తువ్వాలు చంకలోకి తీసి, పెళ్ళాం నేర్పిన మర్యాదంతా గొంతులోకి తెచ్చుకున్నాడు. "నిండుకున్నాయి సార్."

ఆఫీసరు ఒక అడుగు ముందుకు వేశాడు. "నిండుకున్నాయా?"

"నిండుకున్నాయి సార్. రెండు బానల్లోవీ నిండుకున్నాయి."

"పూర్తిగా?"

"పూర్తిగా సార్. మొన్నటికి మొన్న చిన్నబాన కూడా నిండుకుంది."

ఇంత ధైర్యంగా ఒప్పుకున్న దొంగను ఆఫీసరు తన సర్వీసులో చూసి ఉండడు. వెనక్కి తిరిగి బంట్రోతును కేకేశాడు, జవాన్లను కేకేశాడు. హజరత్తయ్య తనకేదో సాయం చేయడానికే పిలుస్తున్నాడనుకుని, "రండి సార్, లోపలికి రండి" అని దారి కూడా ఇచ్చాడు! జనం మూగారు. గంపల ఆడవాళ్ళు, బండ్లవాళ్ళు, మిల్లు కూలీలు. మిల్లు అరుగు మీది నుంచి పద్మనాభయ్య కూడా లేచొచ్చాడు.

బంట్రోతు చెక్కమూత లాగాడు. పెద్దబానలోంచి ఒక బల్లి బయటికి దూకి గోడెక్కింది. ఆఫీసరు వంగి లోపల చెయ్యి పెట్టాడు, తవుడు దుమ్ము అంటింది. చిన్నబానలో అదీ లేదు.

"నిండుకున్నాయన్నావే!" అన్నాడు ఆఫీసరు, బిక్కముఖం వేసి.

"అవును సార్. నిండుకున్నాయి" అన్నాడు హజరత్తయ్య, అంతకంటే బిక్కముఖం వేసి.

గంపల ఆడవాళ్ళలో పోలేరమ్మ అని ఒకతె ఉంది, నోరున్న మనిషి. ఆమె పక్కున నవ్వింది. "అయ్యో సామీ! అయిపోతే మేము నిండుకున్నాయంటాం. లేదంటే లచ్చిందేవి అలిగి పోతుందని" అంది.

ఆఫీసరు ముఖం ఎర్రబడింది. రుమాలుతో చెయ్యి తుడుచుకుని, చెంచమ్మ వైపు తిరిగి, "తప్పు నాదమ్మా. మా వైపు ఈ మాట లేదు" అని దణ్ణం పెట్టి జీపెక్కాడు. ఎవరూ ఆయన్ను తప్పు పట్టలేదు.

జీపు పోయింది గాని, మూతలు తీసిన బానలు అలాగే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఒక్క మాట చాటున దాచుకున్న లేమి అంతా వీధిన పడింది. ఊరు ఊరంతా తొంగి చూస్తోంది. చెంచమ్మ పొయ్యి దగ్గర కదలకుండా నిలబడి ఉంది. ఆవిడ ముఖం చూడలేక హజరత్తయ్యకు భూమి బద్దలైతే దిగిపోదామనిపించింది. నా నోరు పడిపోను, నా మర్యాద తగలెయ్య అని తిట్టుకున్నాడు.

పద్మనాభయ్య బానలోకి చూసి తల ఆడించాడు. "ఏం హజరత్తా, అన్నం లేని హోటలేంది? మాట గుర్తుండాదా? నేనేదో గోడౌను వేసుకుందామనుకుంటుండా."

చెంచమ్మ గరిటె ఎత్తి పొయ్యి మీద ఉడుకుతున్న చట్టిని చూపించింది, అక్కణ్ణించి తాటాకు సందుల్లోంచి పైకి పోతున్న పొగను చూపించింది.

"పొగ అన్నారయ్యా మీరు. అన్నం అనలేదు."

"బాగానే ఉందమ్మే! ఒట్టి పులుసు కాంచి ఎవురికి పోస్తావు? నాకా?"

కొందరు నవ్వారు కూడా. ఆ నవ్వు ఆగకముందే పోలేరమ్మ గంప దించి, చీర కొంగులోంచి తామరాకు మూట తీసి బల్ల మీద పెట్టి విప్పింది. గోధుమ రవ్వ సంగటి ముద్ద, ఎండిపోయి పెచ్చులు లేచింది.

"నాకు పొయ్యి వదినా" అంది. "ఎన్నాళ్ళు దాచుకుని తినేది? మీ బానలో లేవు, మా ఇండ్లలో లేవు. ఇంక ఎవురి ముందు ఎవురికి సిగ్గు?"

చెంచమ్మ ఒక్క క్షణం ఆ ముద్దను చూసింది. ఎర్రగా మరుగుతున్న పులుసు గరిటెతో తీసి ముద్ద నడుమ గుంట చేసి పోసింది. పోలేరమ్మ కలిపి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఇదీ తిండంటే! పొద్దున ఇదే ముద్ద మింగలేక కక్కినంత పని చేసినా" అంది. ఇంకొకామె రాగిముద్ద తీసింది. బండాయన తలగుడ్డలోంచి జొన్నరొట్టె తీశాడు. బల్లలు నిండాయి. ఈసారి నిజంగానే నిండాయి. పద్మనాభయ్య కండువా దులుపుకుని అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

ఆ పూట ఎవరికైనా తడుతుంది ఆ ఉపాయం. తెల్లారి దాన్నే వ్యాపారం చేయడం అందరి తరమూ కాదు. చెంచమ్మ మర్నాడు పొద్దున్నే వీధిలో నిలబడి, "ముద్ద మీది, పులుసు నాది! గిన్నె తెచ్చుకోండి, సిగ్గు ఇంట్లో పెట్టి రండి!" అని కేకేసింది. అన్నం పళ్ళెం లెక్క తీసేసి గరిటె లెక్క పెట్టింది. చిన్నచట్టి మూలన పడేసి పెద్దచట్టి ఎక్కించింది. అన్నంలోకి కాచే పులుసు సంగటిలోకి పనికిరాదని రెండు పూటల్లోనే కనిపెట్టి, చింతపండు పెంచి, మెంతులు వేయించి నూరి, చిక్కగా కాచింది. అమెరికా గోధుమ సంగతి అమెరికావాడికి కూడా అంత తెలిసి ఉండదు.

ఇంకొక పని కూడా చేసింది, అది చూసి హజరత్తయ్య నోరు తెరిచాడు. గంపల ఆడవాళ్ళకు మధ్యాహ్నానికి చేప మిగిలితే పారేయడమే. ఆ మిగిలిన కవళ్ళూ నెత్తళ్ళూ లాంటి చిన్నచేపల్ని పులుసుకు మారుగా తీసుకోవడం మొదలుపెట్టింది. డబ్బు చేతిలో లేని ఆడది చేప ఇచ్చి పులుసు పోయించుకునేది. బాగున్నవి చట్టిలోకి, ఎక్కువైనవి ఉప్పు కొట్టి పాక కప్పు మీదికి. కప్పంతా చేపలు ఎండుతుంటే కాకులు తోలలేక హజరత్తయ్య ప్రాణం విసిగేది.

"ఇంత ఎండుచేప ఏం చేసుకుంటావే? ఊరికి వాసన పట్టిస్తుండావు."

"కాకుల్ని తోలవయ్యా, మాటలు తర్వాత."

వడ్డించడానికి అన్నం లేకపోవడంతో ఆయనకు మొదట చేతులు విరిగినట్టుండేది. తర్వాత ఆయనకూ పని కుదిరింది. ఎవరి గిన్నె ఏదో, ఎవరి ముద్ద రాగిదో జొన్నదో, ఎవరికి కారం ఎక్కువ పొయ్యాలో ఆయనకు నోటికొచ్చేసింది. గిన్నెలు పొద్దున్నే ఇచ్చిపోయేవాళ్ళు, పొయ్యి పక్కన వరసగా పెట్టి మధ్యాహ్నానికి వేడిగా ఉంచేవాడు. ఒకసారి పోలేరమ్మ గోధుమముద్ద బండాయనకిచ్చి, ఆయన రొట్టె ఆమెకిచ్చాడు. "ముద్ద మారిస్తే మార్చినావు గాని అన్నా, రొట్టె బాగుండాది, రేపు కూడా ఇట్నే మార్చు" అంది పోలేరమ్మ. మూసేద్దామన్న మాట హజరత్తయ్య నోట మళ్ళీ రాలేదు. ఆ మాట తనే అన్నాడని గుర్తొస్తే, పొయ్యి ముందు చెమటలు కక్కుతున్న పెళ్ళాన్ని చూసి లోపల్లోపలే దణ్ణం పెట్టుకునేవాడు.

అయితే పద్మనాభయ్య మాట వెనక్కి తీసుకోలేదు. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, పళ్ళు తోముకుంటూ, పాక కప్పు వైపు ఒక చూపు చూసేవాడు.

మరుసటి ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. ఎండాకాలమంతా రమ్మని మొక్కితే రాని వాన, ఇప్పుడు పొమ్మన్నా పోకుండా పట్టుకుంది. సముద్రం మీద ఒక్క పడవ లేదు. గంపలు లేవు. వాన నెమ్ముకు హోటలు కట్టెలన్నీ నానిపోయాయి. చెంచమ్మ అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తే పొగ, పొగ, పొగ. మంట మాత్రం లేదు. పాకంతా పొగ కమ్మి, కప్పు మీది నుంచి మబ్బులోకి లేచింది.

హజరత్తయ్య దగ్గుతూనే సంతోషపడ్డాడు. "పొగ లేస్తుండాది గదా! చాల్లే. పద్మనాభయ్యకు కనపడితే చాలు. ఈ ఒక్క రోజుకు కాచొద్దు."

"పొగ ఆయనకు" అంది చెంచమ్మ. "మంట మనకు. ఈ వానలో ఎవురింట్లో పొయ్యి రాజుకుంటుంది? ఆ ముద్దలు ఎట్టా మింగుతారు?"

ఆవిడ చుట్టూ చూసింది. లేచి పోయి, బానల మీది చెక్కమూతలు రెండూ తీసింది. రోజూ తుడిచి బొట్టు పెట్టే మూతలు! పెళ్ళయిన కొత్తలో పడవ వాటా అమ్మిన డబ్బుతో చేయించినవి. హజరత్తయ్య "ఏం జేస్తుండావే! లక్ష్మీదేవి..." అని అడ్డం వచ్చాడు.

"లోపల ఏం దాచిపెట్టాలని మూతలు? ఊరంతా చూసేసింది గదా" అని కత్తిపీట వెనక్కి తిప్పి ఫెళ్ళున కొట్టింది. మూత విరిగింది. ఎండిన పాతచెక్క, పుల్ల అంటించగానే భగ్గుమంది. అప్పుడు అటక మీద చెయ్యి పెట్టి గోతం దించింది. నిండా ఎండు నెత్తళ్ళు. హజరత్తయ్య కాకుల్ని తోలిన రోజులన్నీ ఆ గోతంలో ఉన్నాయి. ఆయన వంగి పొయ్యి ఊదాడు.

ఎండుచేప పులుసు వాసన వానలో ఎంత దూరం పోతుందో మీకు తెలియంది కాదు. ఊళ్ళో ఏ పొయ్యీ సరిగా రాజుకోలేదు. పొద్దున ఎలాగో కెలుక్కున్న ముద్దలు, నిన్నటి ముద్దలు, గిన్నెల్లో పెట్టుకుని తలల మీద గోనె కప్పుకుని అందరూ పాకలోకి చేరారు. పడవలు పోలేదు గనక మగవాళ్ళు కూడా వచ్చారు, హజరత్తయ్య అన్నదమ్ములు వచ్చారు. నిలబడే తిన్నారు. ఒకరి గిన్నె ఖాళీ అయితే ఇంకొకరు దాంట్లోనే పోయించుకున్నారు. మధ్యాహ్నం కాకముందే పెద్దచట్టి అడుగు కనిపించింది.

అప్పుడొచ్చాడు పద్మనాభయ్య. గొడుగు మడిచి మూలన పెట్టి, చేతిలో క్యారేజీ బల్ల మీద పెట్టి మూత తీశాడు. సన్నబియ్యం అన్నం. తెల్లగా, పొడిపొడిగా, ఆవిరి కక్కుతూ. తెల్లన్నం చూసి ఎన్ని నెలలైందో ఎవరూ లెక్కపెట్టుకోలేదు గాని, అందరి చూపులూ దాని మీదే ఉన్నాయి.

"తడి కట్టెలతో మా ఇంట్లో అన్నం ఒక్కటే ఉడికింది" అన్నాడు, కొంచెం బెరుకుగా. "ఇంత పులుసు పొయ్యి చెంచమ్మా. వాసనకు నిలవలేకపోయినా."

హజరత్తయ్య చట్టిలోకి చూశాడు. నిటారుగా నిలబడ్డాడు. తువ్వాలు చంకలోకి తీశాడు.

"పులుసు నిండుకుందయ్యా."

ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడు, ఎంత కుంగిపోతూ అన్నాడు! అనడంలో ఇంత సుఖం ఉంటుందని మాత్రం ఆయనకు ఇప్పుడే తెలిసింది.

"నిండుకుందా?" అన్నాడు పద్మనాభయ్య.

"పూర్తిగా."

"నిండుకుందంటే నిండుగా ఉందని గాదయ్యో!" అని పోలేరమ్మ మూల నుంచి అరిచింది. పాక కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వారు. పద్మనాభయ్యకూ నవ్వాగలేదు. నవ్వి, తన అన్నం వైపు చూసుకుని, "ఒట్టి అన్నం ఎట్టా తినేది?" అన్నాడు.

అన్నాక ఆయనకే వినిపించింది ఆ మాట. చుట్టూ చేతుల్లో ఎండిన ముద్దల గిన్నెలు పట్టుకున్న మనుషులు. ఆయన క్యారేజీ మూత పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

చెంచమ్మ వచ్చి క్యారేజీ అందుకుంది. అన్నమంతా ఆ ఖాళీ చట్టిలో కుమ్మరించింది. చట్టి గోడలకు అంటుకున్న ఎరుపూ, అడుగున మిగిలిన మెంతి ముద్దా, నెత్తళ్ళ తునకలూ చేత్తో తుడిచి తుడిచి కలిపింది. పులుసు కాచిన చట్టిలో ఆఖరున కలిపే అన్నం రుచి పులుసుకు కూడా ఉండదు, అది తెలియని ఇల్లు ఆ జిల్లాలో లేదు. మొదటి ముద్ద పద్మనాభయ్య చేతిలో పెట్టింది.

"ఇంతమందిలో ఒక్కరే ఏం తింటారు అయ్యా" అంది. అడగలేదు, చెప్పింది. రెండో ముద్ద పోలేరమ్మకు, తర్వాత బండాయనకు, తర్వాత అందరికీ. నిమ్మకాయంతే అయినా అందరికీ. ఆఖరుది హజరత్తయ్యకు పెట్టింది. నోట్లో పెట్టుకోగానే ఆయనకు కళ్ళ వెంబడి నీళ్ళు కారాయి. "కారం" అన్నాడు తుడుచుకుంటూ. కారమూ లేదు, గీరమూ లేదు.

పద్మనాభయ్య వానధార కింద చెయ్యి కడుక్కున్నాడు. గొడుగు తీసుకుని గుమ్మంలో ఆగాడు. మూతలు పోయిన బానల వైపు చూశాడు, పొయ్యిలో కాలుతున్న చెక్కల వైపు చూశాడు.

"హజరత్తా, ఆ పొగ మాట..."

హజరత్తయ్య చంకలో తువ్వాలు గట్టిగా నొక్కుకున్నాడు.

"...ఆ మాట నిండుకుందనుకో" అన్నాడు పద్మనాభయ్య. "నేల నీ పెళ్ళాంది."

గొడుగు విప్పుకుని ఆయన వానలోకి దిగుతుంటే, చెంచమ్మ లోపలి నుంచి కేకేసింది: "పోతే పోయినారు గాని, కంట్రోలు ధరకు బియ్యం తోలండి అయ్యా! బానలు చూస్తిరి గదా!"

"తోలతాలే తల్లీ, తోలతా" అని వానలోంచే వినిపించింది.

చెంచమ్మ పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. చాలాసేపు ఇటు తిరగలేదు. హజరత్తయ్య దగ్గరకు పోయి చూస్తే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"పొగయ్యా. కళ్ళు మండుతుండాయి" అంది.

చెక్కమూతలు నిప్పులై కణకణ ఎర్రగా వెలుగుతున్నాయి. పొయ్యిలో పొగ అన్నది లేదు. హజరత్తయ్య ఆ మాట ఎత్తకుండా, రేపటికి చింతపండు నానబెట్టడానికి లేచాడు.